ఎండ తెలిసిన పెడల్

పరూరో వీధి, రెండో అంతస్తు, నాలుగో కొట్టు.
లిమాకి ఆగస్టు నెల. వాన కాదు, మంచూ కాదు,
తడిగుడ్డతో ఎవరో ఊరంతా తుడుస్తున్నట్టు గారువా.
ఇలాంటి పొద్దున సోల్డరింగ్ కడ్డీయే నాకు కుంపటి.

వెన్సెస్లావ్ తువనామా రెండు పెడళ్లు బల్లమీద పెట్టాడు.
ఒకటి రేకుపెట్టె, మూలలన్నీ సొట్టలు,
పచ్చరంగు పెచ్చులూడితే అడుగున ఇంకో పచ్చ.
రెండోది మనవరాలు కొనిచ్చింది, తళతళా, నీలి దీపం.
"ఇది అదిలా మోగాలి నేలిదా,
శనివారం పెళ్లి ఉంది" అన్నాడు,
ఊడిన చొక్కా గుండీ కుట్టమన్నంత తేలిగ్గా.

విప్పి చూశాను.
రెండింట్లోనూ రెండేసి ట్రాన్సిస్టర్లు, చారెడు రెసిస్టర్లు,
కరెంటు నడిచే దారీ ఒకటే.
ఒకే తల్లి వంట, ఉప్పు వేరు:
పాతదానిలో జెర్మేనియం, కొత్తదానిలో సిలికాన్.

ముందు కొత్తది మోగించాడు.
తీగ తాకితే చాలు, కొత్త రంపం పచ్చికర్రలో దిగినట్టు
సూటిగా, ఎక్కడా తడబడకుండా.
పై స్వరాల్లో పళ్లు పులిసే పదును.
గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే
అరుపు దూరమవుతుంది, అంతే. అరుపు మానదు.

పాతది
జీర.
రాత్రంతా పాడినవాణ్ణి తెల్లారి కాఫీకి ముందే
పేరు పెట్టి పిలిస్తే పలికే గొంతుంటుందే, అది.
వాల్యూమ్ కాస్త వెనక్కి తిప్పితే
ఆ గరగరలోంచి తీగ తీగలాగే బయటికొస్తుంది
ఒంటిమీద నీళ్లు దులుపుకుంటూ.
మీటరు చూడడం మర్చిపోయాను.

"ఇది కాదు" అన్నాడు.
ఏది కాదు?
"ఇదీ నా చప్పుడు కాదు. పుకాల్పాలో ఇలా మోగేది కాదు."

ఉకయాలి రేవులో పడవలవాళ్ల పండగట.
మిట్టమధ్యాహ్నం రేకు కప్పు కింద కుంబియా.
ఎండ ముదిరేకొద్దీ పెడల్‌కి పొలమారేదట.
స్వరం సగంలో తెగి, ఉక్కిరిబిక్కిరై, చివరికి మూగనోము.
బాస్ వాయించే ఓర్లాందినా దాన్ని పీకి
ఐసు పెట్టెలో దోన్సెయా చేపల మధ్యకి తోసేది.
రెండు పాటలు ఒట్టి ఎకోతో నెట్టుకొస్తే
మూడోదానికి చేపవాసనతో తిరిగొచ్చేది,
చల్లగా, నిగ్గుతేలి. తర్వాత పాటపాటకీ వేడెక్కుతూ...
"ఆ మధ్యది" అన్నాడు, వేలితో గాలిలో ఎక్కడో చూపిస్తూ.
"చెడిపోబోయే ముందుది."

కింద సెవిచే కొట్టు ఫిదేలా గిన్నెడు ఐసిచ్చింది.
పక్క కొట్టునుంచి హెయిర్ డ్రయర్.
చంటిపిల్ల స్నానానికి వేణ్ణీళ్లూ చన్నీళ్లూ కలుపుకున్నట్టు
కొంచెం ఐసు, కొంచెం సెగ, మళ్లీ కొంచెం ఐసు.
ఆయన అవే నాలుగు స్వరాలు.
కాదు. కాదు. దాటిపోయింది. వెనక్కి.

ఒక్కసారి
మూడో స్వరం అంచు చిరిగింది.
నాలుగోది ఊపిరందక, అంది, మళ్లీ అందక...
తువనామా కళ్లు మూసుకోలేదు. తలుపు వైపు చూశాడు,
చేతులు తడిగా ఎవరో లోపలికి వస్తారన్నట్టు.
పదకొండు సెకన్లు. చల్లబడిపోయింది.

కొత్తదానికీ సెగ పెట్టాను, ఐసూ పెట్టాను.
దానికి ఏదీ తెలీలేదు. అదే రంపం, అదే పచ్చికర్ర.
"పెళ్లికి ఇదే పట్టుకెళ్తా" అని నవ్వాడు.
"పెళ్లివాళ్లు చేపల పెట్టె ఇవ్వరుగా."

పాతది బల్లమీదే ఉండిపోయింది.
మర్చిపోయాడో, వదిలేశాడో. మెట్లదాకా వెళ్లి కూడా పిలవలేదు నేను.

సాయంత్రం షట్టరు సగం దించి
గిటార్ లేకుండానే దాన్ని ఆంప్‌కి కలిపాను.
ముందు ఉత్త హోరు.
హోరు అడుగున, దారితప్పి తీగలోకి దూరిన ఏదో రేడియో
సాంత అనీత మార్కెట్లో బంగాళాదుంపల ధర చెబుతోంది,
పసుపువి ఇంత, హువైరోవి ఇంత అని,
జీర గొంతుతో.